దేవుని చిత్తం మన కోరికకు ఎదురైనప్పుడు కలిగే కోపం: ఒక సహోదరి ప్రశ్నకు జవాబు

ప్రియమైన సహోదరికి వందనాలు.

మీరు రాసినదాని సారాంశం ఇదని గ్రహించాను. చాలాకాలం ప్రార్థించిన తరువాత మీకు గర్భం నిలిచింది, ఐదో నెలలో ఆ బిడ్డను పోగొట్టుకున్నారు. పరామర్శకు వచ్చినవారిలో ఎక్కువమంది ఇది దేవుని చిత్తమనీ, ఆయన చేసేదంతా మేలుకేననీ చెప్పి వెళ్లారు. ఆ మాట విన్న ప్రతిసారీ మీకు దేవుని మీద కోపం పెరుగుతోంది, మోకరించినా నోట మాట రావడం లేదు. ఈ కోపం పాపమా, మీ విశ్వాసంలో కొరత వల్లనే ఇలా జరిగిందా, ఈ స్థితిలో ఆదివారం ఆరాధనలో పాటలు నడిపించే బాధ్యతను కొనసాగించవచ్చా అని అడిగారు. సంఘ పెద్దగా చాలా ఏళ్లు దుఃఖంలో ఉన్న కుటుంబాల దగ్గర కూర్చున్నవాడిగా నాకు తెలిసినంతలో జవాబు రాస్తున్నాను.

రెండవ ప్రశ్నను ముందుగా తీసుకుంటాను, ఎందుకంటే ఆ అనుమానం మనసులో ఉన్నంతవరకు మిగిలిన మాటలేవీ లోపలికి వెళ్లవు. బిడ్డ పోవడానికి మీ ప్రార్థనలోని లోపం కారణం కాదు. పుట్టు గుడ్డివాణ్ణి చూసి, పాపం చేసింది ఇతడా, ఇతని తల్లిదండ్రులా అని శిష్యులు అడిగినప్పుడు యేసు ఆ రెండింటినీ తోసిపుచ్చాడు (యోహాను 9:3). సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయిన సంగతిని తానే ఎత్తి, యెరూషలేములో మిగిలినవారందరికంటే వారు ఎక్కువ దోషులని అనుకుంటున్నారా అని అడిగి, కాదని చెప్పాడు (లూకా 13:4, 5). ఎవరికైనా కష్టం వస్తే వెనక ఏ పాపం ఉందోనని వెతికే అలవాటును ప్రభువు ఇంత స్పష్టంగా కాదన్నా, ఆయన పేరు పెట్టుకున్న మనలో అది ఇంకా పోకపోవడం నాకు ఎంతో బాధ కలిగించే విషయం. దావీదు రాజు చేసిన పాపానికి అతని బిడ్డ చనిపోయిన సంగతిని ఎవరైనా మీ ముందు ఉదాహరణగా పెడితే, అక్కడ నాతాను ప్రవక్త ఎదురుగా నిలబడి కారణాన్ని చెప్పాడనీ, మీ గురించి అలా చెప్పే అధికారం దేవుడు ఎవరికీ ఇవ్వలేదనీ గుర్తుపెట్టుకోండి. ఐదో నెలలో గర్భం పోవడానికి గర్భాశయ ముఖద్వారం బలహీనంగా ఉండటం, ఇన్ఫెక్షన్, మాయకు (ప్లాసెంటాకు) సంబంధించిన సమస్యలు, శిశువు క్రోమోజోముల్లో తేడాలు వంటి కారణాలు ఉండవచ్చు, కొన్నిసార్లు ఎంత పరీక్షించినా కారణం తేలకపోవచ్చు. ఆ విచారణ వైద్యుల దగ్గర జరగవలసినది. రాత్రిళ్లు మీలో మీరే దాన్ని నడిపించి మీకు మీరే తీర్పు చెప్పుకోవద్దు.

ఇక కోపం విషయం. దేవుని మీద కోపపడినవారు బైబిలులో తక్కువమంది లేరు, వారిలో ఎక్కువమంది ఆయన సొంత సేవకులే. నన్ను చంపివేయి అని మోషే అడిగాడు (సంఖ్యాకాండము 11:15). నీవు నన్ను మోసగించావు అని యిర్మీయా ఆయనతోనే అన్నాడు, అదే అధ్యాయంలో తాను పుట్టిన దినాన్ని శపించాడు (యిర్మీయా 20). ఎంతకాలం మొరపెట్టినా వినవా అని హబక్కూకు తన గ్రంథాన్ని ప్రారంభించాడు. ఈ మాటలను లేఖనాల నుండి ఎవరూ తీసివేయలేదు, పైగా తరతరాల భక్తులు వాటిని బిగ్గరగా చదువుకున్నారు.

వీరందరిలో దేవుని చిత్తానికీ తన ఇష్టానికీ మధ్య నలిగినవాడిగా యోనా ప్రవక్తను ఎక్కువగా తలుచుకుంటాం. అతని కోపం, మీ కోపం ఒకే రకానివి కావని ముందే చెప్పాలి. మీరు బిడ్డను పోగొట్టుకుని కోపపడుతున్నారు, అతడు శత్రువులు బతికి బయటపడ్డారని కోపపడ్డాడు. నీనెవె అష్షూరీయుల మహానగరం, ఆ అష్షూరీయులే తరువాత క్రీ.పూ. 722 ప్రాంతంలో రాజధాని సమరయను కూల్చి ఉత్తర ఇశ్రాయేలు రాజ్యాన్ని అంతం చేశారు. అలాంటి నగరం 40 దినాల్లో నాశనమవుతుందని ప్రకటించి వచ్చినవాడికి, అక్కడి ప్రజలు పశ్చాత్తాపపడటం, దేవుడు వారిని క్షమించడం భరించలేని విషయాలయ్యాయి. నీవు కనికరం గలవాడవని నాకు ముందే తెలుసు, అందుకే నీవు మొదట నీనెవెకు వెళ్లమన్నప్పుడు దూరపు తర్షీషుకు పారిపోయాను, ఇక నన్ను చంపివేయి అని అతడు ప్రార్థించాడు. దేవుని మంచితనాన్నే ఆయన మీద నేరంగా మోపిన ప్రార్థన అది. మీ కోపానికి ఆ పోలిక పెట్టడం అన్యాయం అవుతుంది. అయినా యోనాను ఎందుకు తీసుకున్నానంటే, అంత అన్యాయమైన కోపాన్ని కూడా దేవుడు ఎలా ఎదుర్కొన్నాడో ఆ గ్రంథం నాలుగో అధ్యాయం చూపిస్తుంది కనుక. ఆయన అతణ్ణి కొట్టలేదు, ప్రవక్త పదవి నుండి తొలగించలేదు, నోరు మూసుకోమనలేదు. నీవు కోపించుట న్యాయమా అని ఒక ప్రశ్న వేశాడు. యోనా జవాబివ్వకుండా పట్టణం బయటకు వెళ్లి కూర్చుంటే, ఎండలో ఉన్న అతనికి ఒక చెట్టు నీడ ఇచ్చాడు, తరువాత దాన్ని పురుగు చేత కొట్టించి మళ్లీ అదే ప్రశ్న అడిగాడు. చచ్చేంతవరకు కోపించడం నాకు న్యాయమే అని యోనా ఎదురు చెప్పాడు. అప్పుడైనా శిక్ష రాలేదు. కుడి ఎడమలు తెలియని 1,20,000 మందికి పైగా జనం, ఎన్నో పశువులు ఉన్న ఆ నగరం మీద నాకు జాలి ఉండకూడదా అని దేవుడు తన మనసులోని మాటను అతనితో పంచుకున్నాడు. యోనా ఏమన్నాడో రాయకుండానే ఆ గ్రంథం ఆగిపోతుంది.

ఈ అధ్యాయాన్ని ఆదికాండము నాలుగో అధ్యాయంతో కలిపి చదివితే మీ ప్రశ్నకు జవాబు దొరుకుతుందని నా నమ్మకం. తన అర్పణను దేవుడు లక్ష్యపెట్టలేదని కయీను కోపంతో ముఖం చిన్నబుచ్చుకున్నప్పుడు, నీకు కోపమెందుకని దేవుడు అతణ్ణి కూడా అడిగాడు. ఇద్దరికీ కోపం వచ్చింది, ఇద్దరినీ దేవుడే పలకరించాడు. యోనా ఆయనకే ఎదురు మాట్లాడాడు. కయీను ఆయనకు జవాబివ్వలేదు, తమ్ముణ్ణి పొలానికి తీసుకుపోయి చంపి ఆ కోపాన్ని అక్కడ తీర్చుకున్నాడు. కోపం రావడం కంటే, వచ్చిన కోపం ఎవరి వైపు తిరుగుతుందన్నదే ఆ రెండు కథలను వేరుచేసింది. దేవునితో చెప్పుకోని కోపం మాయమైపోదు. అది భర్త మీదకో, తోటి విశ్వాసుల మీదకో, పసిబిడ్డలున్న ఇతర తల్లుల మీదకో, అన్నిటికంటే ఎక్కువగా తన మీదకే తిరుగుతుంది. బయటికి ఎంతో భక్తిగా కనిపిస్తూ, అంతా దేవుని చిత్తమే అని నవ్వుతూ చెప్పినవారు ఆ తరువాత నెమ్మదిగా ప్రార్థనకూ సహవాసానికీ దూరం కావడం నేను చూశాను. కోపాన్ని ఆయన ముందే కక్కినవారు చాలాసార్లు ఆయన దగ్గరే మిగిలారు. కాబట్టి మీ కోపం పాపమా అంటే, ఆయన వైపు తిరిగి ఆయనతో మాట్లాడుతున్న కోపాన్ని పాపమని పిలవడానికి నాకు లేఖనాధారం కనిపించదు.

అయితే దేవుడు అడిగిన ఆ ప్రశ్నను పక్కన పెట్టమని నేను చెప్పడం లేదు. న్యాయమా అని ఆయన అడిగాడంటే, కోపం లోపల ఏముందో చూసుకొమ్మని అర్థం. మీ కోపంలో అత్యధిక భాగం దుఃఖమే అయి ఉంటుంది, ప్రేమించిన బిడ్డ లేకపోవడం అనే దుఃఖం, దానిలో దిద్దుకోవలసినది ఏదీ లేదు. దానితోపాటు ఇంకొకటి కలిసి ఉండవచ్చు, అది ఉందో లేదో మీరే చూసుకోవాలి. ఇన్నేళ్లు నేను నమ్మకంగా సేవ చేశాను గదా, నాకు ఈ ఒక్కటి ఇవ్వకూడదా అనే లెక్క అది. లూకా 15లో యేసు చెప్పిన కథలో తప్పిపోయిన కుమారుడి అన్న కోపగించి ఇంట్లోకి వెళ్లనన్నది ఈ లెక్కతోనే, ఇన్ని సంవత్సరాలు నిన్ను సేవించాను, నాకు ఒక మేకపిల్లనైనా ఇచ్చావా అని. ఆ తండ్రి బయటికి వచ్చి అతణ్ణి బతిమాలుకున్నాడు, నీవు ఎప్పుడూ నాతో ఉన్నావు, నావన్నీ నీవే అన్నాడు. అలాంటి లెక్క మీలో ఉంటే సిగ్గుపడి దాచుకోవలసిన పని లేదు, దాన్ని కూడా పేరు పెట్టి ఆయనకే చెప్పండి. సేవ చేసినవారిలో ఆ లెక్క బొత్తిగా లేనివారిని నేను చాలా అరుదుగా కలిశాను.

మీకు దగ్గరగా ఉండే మనిషి నయోమి అని నాకు అనిపిస్తుంది. భర్తనూ ఇద్దరు కుమారులనూ మోయాబులో పోగొట్టుకుని బేత్లెహేముకు తిరిగి వచ్చినప్పుడు, నన్ను నయోమి (మధురం) అనకండి, మారా (చేదు) అని పిలవండి, సర్వశక్తుడు నాకు చాలా దుఃఖం కలుగజేశాడు, సమృద్ధిగా వెళ్లిన నన్ను రిక్తురాలిగా తెచ్చాడు అని ఊరి స్త్రీలతో చెప్పింది. ఆమెను విడిచిపెట్టకుండా వెంట వచ్చిన కోడలు రూతు పక్కనే నిలబడి ఉండగా అన్న మాట ఇది. అంత దుఃఖంలో ఉన్న మనిషికి పక్కనున్న మేలు కనిపించదు, ఆ గ్రంథం రాసినవాడు అందుకు ఆమెను ఒక్క మాట కూడా తప్పుపట్టలేదు. దేవుడు ఆమెను సరిదిద్దడానికి ప్రవక్తను పంపలేదు. యవలకోత మొదలయ్యే కాలానికి ఆమె ఊరు చేరిందని మాత్రం చెప్పి కథ ముందుకు సాగుతుంది.

ఇప్పుడు మిమ్మల్ని ఎక్కువగా గాయపరిచిన ఆ మాట దగ్గరకు వస్తాను. జరిగిన ప్రతిదాన్నీ దేవుని చిత్తమని వెంటనే పిలవడం భక్తిగా కనిపిస్తుంది గాని, లేఖనం ఆ మాటను అంత తేలికగా వాడదు. మనుష్యకుమారుడు (అంటే తాను) రాయబడినట్టే మరణానికి వెళ్తున్నాడని చెప్పిన నోటితోనే యేసు, తనను శత్రువులకు అప్పగించే మనిషికి శ్రమ అని కూడా అన్నాడు (మార్కు 14:21). దేవుని ఉద్దేశం నెరవేరడం, మనిషి చేసిన కీడు కీడుగానే మిగలడం, ఈ రెండూ అక్కడ ఒకే వాక్యంలో ఉన్నాయి. మరణాన్ని పౌలు కడపటి శత్రువు అన్నాడు (1 కొరింథీయులకు 15:26), మిత్రుడని ఎక్కడా అనలేదు. చనిపోయిన లాజరును కొద్దిసేపట్లో లేపబోతున్నానని తెలిసి కూడా యేసు అతని సమాధి దగ్గరకు వెళ్తూ కన్నీళ్లు పెట్టుకున్నాడు. ప్రభువా, నీవు ఇక్కడ ఉండి ఉంటే నా సహోదరుడు చావకపోయేవాడని మార్త, మరియ ఇద్దరూ ఒకే నింద వేస్తే, ఆయన వారిలో ఏ ఒక్కరినీ గద్దించలేదు. జరిగేదంతా దేవుడు నిర్ణయించినదే అని కొందరు క్రైస్తవులు నమ్ముతారు, కొన్నిటిని ఆయన కోరకుండానే అనుమతిస్తాడని మరికొందరు నమ్ముతారు. ఈ చర్చ శతాబ్దాలుగా సాగుతోంది, దాన్ని తేల్చుకున్న తరువాతే ఏడవాలనే నియమం లేదు. ఏ పక్షం వారైనా బిడ్డను పోగొట్టుకున్న ఇంటికి ఒక సిద్ధాంతాన్ని పట్టుకుని వెళ్లకూడదు. సమస్తమూ సమకూడి మేలుకొరకే జరుగుతాయన్న రోమా 8:28ని మీ దగ్గర పలికినవారు, దానికి రెండు వచనాల పైన, ఎలా ప్రార్థించాలో మనకు తెలియనప్పుడు మాటల్లో చెప్పలేని మూలుగులతో ఆత్మ మన పక్షంగా విజ్ఞాపన చేస్తాడని ఉన్నదాన్ని కూడా చదివి ఉంటే బాగుండేది. పిల్లలనూ ఆస్తినీ పోగొట్టుకున్న యోబును చూడవచ్చిన స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేల మీద అతని పక్కన మౌనంగా కూర్చున్నంతసేపు మంచి స్నేహితులే. దేవుని పక్షాన వాదించడం మొదలుపెట్టాక చెడ్డారు. చివరకు దేవుడు, నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు నన్ను గూర్చి యుక్తమైనది పలకలేదని వారి మీద కోపపడ్డాడు (యోబు 42:7). అంతకాలం దేవుణ్ణి నిలదీసిన మనిషి గురించి ఆయన ఇచ్చిన సాక్ష్యం అది. తనకు ఎందుకు అలా జరిగిందో యోబుకు మాత్రం చివరి వరకు ఎవరూ చెప్పలేదు.

నీ చిత్తమే జరుగును గాక అని మీరు ఇప్పుడే అనలేకపోతున్నందుకు కుమిలిపోతున్నారని మీ మాటల్లో కనిపించింది. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు కూడా ఆ మాటను ఒక్కసారి పలికి లేచిపోలేదు. మూడుసార్లు వెళ్లి ప్రార్థించాడు. మత్తయి 26ను నిదానంగా చదవండి, మొదటిసారి ఆయన సాధ్యమైతే ఈ గిన్నె (రాబోయే శ్రమ) తొలగిపోనివ్వు అని అడుగుతాడు, ఆ తరువాతే నీ చిత్తప్రకారం కానివ్వు అంటాడు. రెండవసారికి, నేను దీన్ని తాగకుండా ఇది తొలగిపోవడం సాధ్యం కాకపోతే అని మాట మారుతుంది. తండ్రి చిత్తాన్ని ఎల్లప్పుడూ చేసినవాడే ఆ రెండు వాక్యాల మధ్య దూరాన్ని నేల మీద సాగిలపడి, స్నేహితులు నిద్రపోతుండగా, ఒంటరిగా దాటవలసి వచ్చింది. ఆయన మహా రోదనతో, కన్నీళ్లతో ప్రార్థించి అంగీకరింపబడ్డాడని హెబ్రీయులకు రాసిన పత్రిక చెబుతుంది (5:7). అయినా గిన్నె తొలగలేదు. వినబడిన ప్రార్థనకు కూడా అడిగినది దొరకకపోవచ్చని ఆ వచనం ఒప్పుకుంటోంది. ఈ సంగతి నాకు సులభంగా మింగుడు పడలేదు, ఇప్పటికీ దాన్ని తేలికగా ఎవరికీ చెప్పను.

కోరిక తప్పు కాబట్టే దేవుడు కాదన్నాడనే ఆలోచన కూడా విడిచిపెట్టండి. మందిరం కట్టాలన్న దావీదు కోరికను దేవుడు నిరాకరించాడు, కాని ఆ ఉద్దేశం నీ హృదయంలో పుట్టడం మంచిదే అని ఆయన దావీదుతో అన్నాడని సొలొమోను తరువాత గుర్తుచేశాడు (1 రాజులు 8:18). తల్లి కావాలన్న మీ కోరిక మంచిది. మోషే విషయం మరింత కఠినమైనది. యొర్దాను అవతలి మంచి దేశాన్ని చూడనివ్వమని అతడు బతిమాలుకుంటే, చాలు, ఇక ఈ సంగతి నాతో మాట్లాడవద్దని దేవుడు అన్నాడు (ద్వితీయోపదేశకాండము 3:26). ఆ సంగతిని ప్రజలకు చెబుతున్నప్పుడు కూడా మోషే గొంతులో నొప్పి వినబడుతుంది, మిమ్మల్ని బట్టే ఆయన నా మీద కోపపడ్డాడని అంటాడు. ఆ నొప్పితోనే యెహోషువను బలపరిచాడు, గోత్రాలను ఆశీర్వదించాడు.

ప్రార్థన రావడం లేదన్నారు. కొంతకాలం మీ సొంత మాటల కోసం వెతకవద్దు. 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు విలాపాలే, అవి మాట రానివారికి ఇచ్చిన మాటలు. 13వ కీర్తనతో ప్రారంభించండి, ఆరు వచనాలే ఉంటాయి, ఎంతకాలం అన్న ప్రశ్న నాలుగుసార్లు వస్తుంది. చివరి వచనాల్లోని సంతోషాన్ని ఇప్పుడు పలకలేకపోతే నాలుగవ వచనం దగ్గర ఆగిపోండి. మరీ చీకటిగా ఉన్న రోజున 88వ కీర్తన చదవండి. అందులో చివరికి కూడా ఓదార్పు రాదు, చీకటే తనకు బంధువర్గమైందన్న మాటతో అది ముగుస్తుంది, అయినా ఆ కీర్తనకారుడు ఉదయమే నా ప్రార్థన నిన్ను ఎదుర్కొంటుందని దేవునితోనే అంటాడు. వీలైతే మీ ఫిర్యాదును కాగితం మీద రాయండి, సాధారణమైన మాటలతో సరిపెట్టక, బిడ్డకు మీరు అనుకున్న పేరుతో సహా ఏమి ఆశించారో, ఎక్కడ నమ్మకం తెగిందో రాసి, దాన్ని పైకి చదవండి. లేని కృతజ్ఞతను బలవంతంగా చెప్పవద్దు. మీ భర్తను కూడా అడగండి, మీ ముందు ధైర్యంగా ఉండాలని ఆయన తన దుఃఖాన్ని దాచుకుని ఉండవచ్చు.

శరీరం గురించి ఒక మాట. ఏలీయా ప్రవక్త ఇక నా ప్రాణం తీసుకొమ్మని చెట్టు కింద పడుకున్నప్పుడు దేవుడు ముందుగా ప్రసంగం చేయలేదు, రెండుసార్లు నిద్రపోనిచ్చి, రెండుసార్లు భోజనం పెట్టించాడు (1 రాజులు 19). గర్భం పోయిన తరువాత హార్మోన్ల మార్పు వల్ల కూడా మనసు కుంగుతుంది. వారాల తరబడి నిద్ర, ఆకలి లేకపోయినా, దేనిమీదా మనసు నిలవకపోయినా మానసిక వైద్యులను కలవండి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగకుండా మీ వారికీ వైద్యులకూ చెప్పండి. చికిత్స తీసుకోవడం విశ్వాసానికి విరుద్ధం కాదు.

పాటలు నడిపించే బాధ్యత గురించి నా సలహా ఇది. కోపం ఉన్నందుకు మీరు అనర్హులు కారు, కాబట్టి శిక్షగా భావించి దాన్ని వదులుకోవద్దు. కాని అనుభవంలో లేని విజయాన్ని వారం వారం వేదిక మీద నిలబడి పాడటం గాయపడిన మనిషికి పెద్ద భారం, అది లోపలి మనిషినీ బయటి మనిషినీ వేరుచేస్తుంది. సంఘ కాపరితో మాట్లాడి కొన్ని నెలలు విరామం అడగండి, రాజీనామా అనే మాట వాడకుండా, తిరిగి వచ్చే తేదీని కూడా ఇప్పుడే నిర్ణయించకుండా. ఆరాధనకు రావడం మాత్రం మానవద్దు. వెనక వరుసలో కూర్చోండి, పాడలేని పాట వచ్చినప్పుడు ఊరుకోండి, మీ బదులు ఇతరులు పాడుతారు. మీరు తిరిగి ఆ బాధ్యత తీసుకున్న రోజున, స్తుతి పాటల మధ్య విలాప కీర్తన ఒకటైనా ఉండేలా చూడమని కాపరిని అడగండి. మీలాగే మౌనంగా కూర్చున్నవారు ఆ వరుసల్లో మరికొందరు ఉంటారు, సంఘంలో వారి మొర పలికే పాట ఒక్కటీ లేకపోవడం చాలాకాలంగా ఉన్న లోటు.